శుక్రవారమే బయల్దేరాం

మంగళవారం మధ్యాహ్నం మూడు గంటల పన్నెండు నిమిషాలకి పటమటలో, మా అపార్ట్‌మెంటు రెండో అంతస్తు హాల్లో ఉన్నవాళ్లు నలుగురు. దివాను మీద మా అక్క కూతురు, వయసు ఐదేళ్ల రెండు నెలలు, బరువు పన్నెండు కిలోల నాలుగు వందల గ్రాములు, ఏనుగు బొమ్మకి ఆకుపచ్చ రంగు వేస్తోంది. ఆ పక్కన నేల మీద మా అక్క, సాయంత్రం వేయాల్సిన మాత్రని బ్లేడుతో నాలుగు ముక్కలు చేస్తోంది. కుర్చీలో మా అమ్మ, లెక్కల టీచరుగా రిటైరైంది, ఒళ్లో పంచాంగం. భోజనం చేసి మళ్లీ డ్యూటీకి వెళ్లబోతూ నేను. వస్తువులు: మూడో నంబరు మీద తిరుగుతున్న ఫ్యాను, బరువు చూసే మిషను, మిల్లీలీటర్ల గీతలున్న ప్లాస్టిక్ గ్లాసు, గోడకి నేను అంటించిన నాలుగు చార్టులు, తొంభై ఆరు శాతం చార్జింగుతో ఒక ఫోను, పాప పాత గౌను తొడిగి ఉన్న పన్నెండున్నర కిలోల బియ్యం మూట. ఉండాల్సినవాటిలో లేనిది ఒక్కటే, ఎర్ర సంచి. అది ఎదురింట్లో ఉంది.

మూడు గంటల పదమూడు నిమిషాలకి ఫోను మోగింది. ఐదు నెలలుగా మేము ఎదురుచూస్తున్న ఫోను అదే.

ముందు ఆ ఐదు నెలల సంగతి చెప్పాలి. లేకపోతే ఎర్ర సంచి ఎదురింట్లో ఎందుకు ఉందో ఎవరికీ అర్థం కాదు. అర్థమైనా నమ్మరు.

రెండేళ్ల కిందట ఒక వైరస్ జ్వరం వచ్చి తగ్గాక పాప మెట్లెక్కడం మానేసింది. మొదట బద్ధకం అనుకున్నాం. తర్వాత అన్నం తినడానికి కూడా ఆయాసపడింది. ఆ జ్వరంతో గుండె కండరం దెబ్బతిందనీ, పల్చబడి సంచిలా సాగిపోయిందనీ డాక్టరుగారు కాగితం మీద బొమ్మ గీసి చూపించారు. మందులతో కొన్నాళ్లు నెట్టుకురావచ్చు, ఆ తర్వాత గుండె మార్చాల్సిందే అన్నారు.

నేను ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజనీరుని. ఫ్యాక్టరీల్లో ప్రెషరు గేజీలు, మీటర్లు సరైన అంకె చూపిస్తున్నాయో లేదో పరీక్షించి సర్టిఫికెట్ ఇవ్వడం నా ఉద్యోగం. అందుకని ఆ గదిలో నేను అడిగిన మొదటి ప్రశ్న ఇది: "అంత చిన్న సైజుది ఎక్కడ దొరుకుతుందండీ?"

డాక్టరుగారు పెన్నుకి మూత పెట్టారు. "ఇంకో పిల్ల దగ్గర" అన్నారు.

అప్పటి నుంచి నేను ఆ గదికి ప్రశ్నలు రాసుకుని వెళ్లి, కొన్ని కొట్టేసి మరీ అడిగేవాణ్ణి.

మాకు తెలిసినవి ఇవి. బ్లడ్ గ్రూపు కలవాలి. దాత బరువు ఇంచుమించు పన్నెండు నుంచి పాతిక కిలోల మధ్య ఉండాలి, పెద్దవాళ్ల గుండె ఆ చిన్న ఛాతీలో పట్టదు. జాబితాలో పాప పేరు ఎక్కింది. గుండె దొరికితే ఫోను వస్తుంది. ఫోను వచ్చిన క్షణం నుంచి పాపకి నోట్లో ఏమీ వేయకూడదు, గంటలోపు ఆసుపత్రిలో ఉండాలి. గంట దాటితే ఏమవుతుందని అక్క అడిగింది. జాబితాలో తర్వాతి పిల్లకి వెళ్తుంది అన్నారు. దేహంలోంచి బయటికి తీసిన గుండెకి దాదాపు నాలుగు గంటలే వ్యవధి, ఎవరి కోసమూ ఆగరు.

ఆసుపత్రి గుణదల దాటాక ఉంది. మామూలుగా మా ఇంటి నుంచి ఇరవై నిమిషాలు. గంట అంటే బోలెడు సమయం అని బావ అన్నాడు. నేను రిహార్సల్ చేద్దామన్నాను.

మొదటి రిహార్సల్ ఒక ఆదివారం చేశాం. పాపని ఊరికే తిప్పి అలసిపోనివ్వకూడదు కాబట్టి ఆమె బదులు అంతే బరువున్న బియ్యం మూట పెట్టాను. దాన్ని కార్లో సీటుబెల్టుతో కట్టాం. పాప కిటికీలోంచి చూసి, మూటకి గౌను లేదని గొడవ చేసింది. తన పాత గౌను ఒకటి తొడిగించింది. ఫోను వచ్చాక ఏమీ తినకూడదని ఆమెకి తెలుసు కాబట్టి, "మామయ్యా, బియ్యానికి కూడా ఏమీ పెట్టకూడదా?" అని అడిగింది. పెట్టకూడదన్నాను.

ఆ రోజు ఆసుపత్రి గేటు చేరడానికి యాభై ఒక్క నిమిషాలు పట్టింది. రోడ్డు మీద పట్టింది ఇరవై రెండే. మిగతా ఇరవై తొమ్మిదీ మా ఇంటి గుమ్మానికీ కారు తలుపుకీ మధ్యన గడిచాయి. వాచీ చూసి ప్రతిదీ రాసుకున్నాను. బావ తుమ్మాడు, అందరూ వెనక్కి వచ్చి కూర్చుని మంచినీళ్లు తాగి లేచారు: ఐదు నిమిషాలు. లిఫ్టు దగ్గర మూడో అంతస్తు పెద్దాయన "ఎక్కడికండీ అందరూ?" అన్నారు. బయల్దేరేటప్పుడు అలా అడిగితే ఆ పని అవదని మా అమ్మ నమ్మకం. మళ్లీ వెనక్కి, మళ్లీ మంచినీళ్లు: ఆరు నిమిషాలు. కింద వాచ్‌మన్ కూడా అదే అడిగాడు: ఇంకో ఆరు. ఎదురింటి పిన్నిగారు ముత్తయిదువ కాబట్టి నీళ్లబిందెతో ఎదురురావాలి. ఆవిడ తలారబోసుకుని ఉన్నారు. జుట్టు విరబోసుకుని ఎదురైతే మంచిది కాదని జడ వేసుకునేదాకా ఆగాం: పన్నెండు నిమిషాలు.

మా అమ్మ నలభై ఏళ్లు లెక్కలు చెప్పింది. సంభావ్యత చెప్పింది. ఇవన్నీ వద్దంటే ఆమె ఒకటే మాట అంది: "నీ పిల్లకి గుండె మార్పించేటప్పుడు నువ్వు మానేద్దువుగాని."

అందుకని నేను శకునాలని తీసేయలేదు. వాటికి టైము కేటాయించాను. గోడ మీద మూడో చార్టు అదే. తుమ్ము, ఒంటిది: ఐదు నిమిషాలు. తుమ్ము, జంట: దోషం లేదు. పిల్లి: నాలుగు. పిన్నిగారికి మిస్‌డ్ కాల్ ఇస్తే బిందెతో లిఫ్టు దగ్గరికి రావడానికి: రెండు. "ఎక్కడికి" అని అడగడాన్ని అరికట్టడానికి కింద మెట్ల దగ్గర ఒక బోర్డు పెట్టాను: రెండో అంతస్తువారిని ఎక్కడికని అడగవద్దని మనవి. అది చదివి అందరూ ఎందుకని అడగడం మొదలుపెట్టారు. ఎందుకు అనే ప్రశ్నకి దోషం లేదు. కానీ జవాబు చెప్పడానికి ఒక్కోసారి నాలుగు నిమిషాలు పట్టేది. మూడో రోజు బోర్డు తీసేశాను.

ఆ చార్టులో చివరి వరసని అమ్మే రాసింది, ఎర్ర పెన్నుతో. "నేను. వంటింట్లో ఉండాలి. సున్నా నిమిషాలు."

నాన్న పోయి ఆరేళ్లు. నేను అది కొట్టేయబోయాను. కొట్టేస్తే ఇంకో చార్టు తనే తయారు చేస్తానంది. రిహార్సల్స్‌లో మేం చెప్పులేసుకోగానే అమ్మ వంటింట్లోకి వెళ్లి తలుపు వేసుకునేది. కారు కదిలాక అక్క ఫోన్ చేసి చెబితే బయటికొచ్చేది.

అమ్మకి ఇంకో చిక్కు కూడా ఉండేది. ఇంద్రకీలాద్రి వైపు తిరిగి దండం పెట్టుకునేటప్పుడు ఏమని పెట్టుకోవాలో తెలియలేదు. గుండె త్వరగా రావాలని మొక్కుకోమని బంధువులంతా చెప్పారు. ఒకసారి నేనూ అన్నాను.

"సమీకరణానికి రెండో వైపు ఏముందో చూసుకున్నావా?" అంది అమ్మ. "గుండె ఇవ్వమంటే ఏం ఇవ్వమని అడిగినట్టు? ఎవరింట్లోంచి?"

ఆ తర్వాత ఆమె ఒక్క ట్రాఫిక్ గురించి మాత్రమే మొక్కుకునేది. దుర్గమ్మకి బెంజి సర్కిల్ దగ్గర ట్రాఫిక్ లేకుండా చూడమని, గుణదల కొండ మీది మేరీమాతకి ఆసుపత్రి ముందు పార్కింగ్ దొరికేలా చూడమని. ఎవరి పరిధి వారికి పంచింది.

నాలుగో రిహార్సల్ నలభై నాలుగు నిమిషాలు. అయినా నాకు నిద్ర పట్టలేదు, ఎందుకంటే రాహుకాలం సంగతి ఇంకా తేలలేదు. అది రోజూ గంటన్నర. దాని పైన వర్జ్యం, దుర్ముహూర్తం. లెక్క వేస్తే రోజులో కనీసం నాలుగు గంటలు మేం గుమ్మం దాటడానికి వీల్లేదు. ఫోను ఆ నాలుగు గంటల్లో వస్తే?

ఈ ప్రశ్న అమ్మని అడిగాను. ఆమె రెండు రోజులు ఆలోచించి జవాబు తెచ్చింది. ప్రస్థానం పెడదామంది.

నాకు ఆ మాట తెలియదు. అమ్మ చెప్పింది. పూర్వం ప్రయాణానికి మంచి ముహూర్తం ఒక రోజు, వెళ్లాల్సిన రోజు ఇంకొకటి అయితే, మంచి ముహూర్తంలో సామాను తీసుకెళ్లి పక్కింట్లో పెట్టేవారు. సామాను గడప దాటితే మనిషి బయల్దేరినట్టే. ఆ తర్వాత ఐదు రోజుల్లోపు ఎప్పుడు కదిలినా ముహూర్తం చూడక్కర్లేదు, అప్పటికే బయల్దేరిపోయాం కాబట్టి.

నాకు చాలా నచ్చింది. నా ఉద్యోగంలో చూసిన చాలా ఏర్పాట్లకన్నా ఇది శుభ్రంగా ఉంది. రాహుకాలం సమస్య ఒక్క సంచితో తీరిపోయింది. ఎర్ర సంచి కొన్నాను. అందులో పెట్టాల్సినవి జాబితా రాశాను: రిపోర్టుల ఫైలు, మందుల చీటీలు, మూడు సెట్ల జెరాక్సులు, చార్జరు, పాప దుప్పటి, దువ్వెన, అక్క కళ్లజోడు రెండోది, ఇలా నలభై మూడు. ఐదు రోజులకోసారి మంచి సమయం చూసి సంచిని తెచ్చి, మళ్లీ మంచి సమయం చూసి ఎదురింట్లో పిన్నిగారి పూజగది పక్కన పెట్టేవాళ్లం. పిన్నిగారు దాన్ని తుడిచి పెట్టేవారు. వాళ్లు ఊరెళ్తే ఎలా అని నేనే ముందుగా ఆలోచించి, వాళ్లింటి తాళానికి రెండో చెవి అడిగి తీసుకున్నాను.

ఆ చెవి ఎక్కడ పెట్టాలి? మా ఇంట్లో మేకులకి తగిలించిన చెవులు పదకొండు, ఏది దేనిదో ఎవరికీ తెలియదు. కీలకమైన వస్తువులన్నీ ఒకే చోట ఉండాలనేది నా పద్ధతి. కాబట్టి దాన్ని ఎర్ర సంచి పక్క జేబులో వేసి, జిప్పు పెట్టి, జాబితాలో నలభై నాలుగో వస్తువుగా రాసి టిక్కు పెట్టాను.

ఆ టిక్కుని నేను మూడు నెలలు చూశాను. ప్రతి ఐదు రోజులకోసారి చూశాను. అందులో తప్పేమీ కనబడలేదు.

మంగళవారం పొద్దున పిన్నిగారు, వాళ్లాయన బందరులో బంధువుల గృహప్రవేశానికి బయల్దేరుతూ మా తలుపు కొట్టారు. "తాళంచెవి మీ దగ్గర ఉందిగా నాయనా?" అని పిన్నిగారు అడిగారు. "ఉందండీ" అన్నాను. నిజమే చెప్పాననుకున్నాను.

ఇక ఫోను. ఆసుపత్రి నుంచి కోఆర్డినేటరు. పాపకి దగ్గు, జ్వరం ఏమైనా ఉన్నాయా, చివరగా ఏం తింది, ఎన్ని గంటలకి తింది అని అక్కని అడిగి, బయల్దేరి రండి అని చెప్పారు. విశాఖలో ఉందని, రావడానికి సమయం పడుతుందని, ముందు పాపని సిద్ధం చేయాలని అన్నారు. ఏం ఉందో ఆవిడా అనలేదు, అక్కా అడగలేదు.

అక్క ఫోను పెట్టి పాప చేతిలో రంగు పెన్సిలు తీసుకుంది. గుడివాడ బ్యాంకులో పనిచేస్తున్న బావకి ఫోన్ చేసింది, నేరుగా ఆసుపత్రికి వస్తానన్నాడు. నేను వాచీలో స్టాప్‌వాచ్ నొక్కి, పనుల వరస రాసిన నాలుగో చార్టు ముందు నిలబడ్డాను. మొదటి పని: ఎర్ర సంచి. సంచి కోసం తాళంచెవి. తాళంచెవి కోసం ఎర్ర సంచి.

ఇలా రెండుసార్లు చదివాను. రెండుసార్లూ అక్కడికే వచ్చాను.

తర్వాత నాలుగు నిమిషాల ఇరవై సెకన్లు నేను చేసినవాటికి ఏ చార్టులోనూ చోటు లేదు. మేకులకున్న పదకొండు చెవులూ ఎదురింటి తాళంలో పెట్టి తిప్పాను. స్క్రూడ్రైవరు తెచ్చి గడియ మరలు విప్పబోయాను, తలుపు మూసి ఉంటే మరలు లోపలి వైపు ఉంటాయని గుర్తొచ్చింది. పిన్నిగారికి ఫోన్ చేస్తే అక్కడ సన్నాయి మోతలో నేను చెప్పేది వినబడక, "భోజనాలు అయిపోయాయి నాయనా, మీరు కూడా రావాల్సింది" అన్నారు. అక్క పాపని ఎత్తుకుని లిఫ్టు దగ్గర నిలబడి నన్నే చూస్తోంది.

"రిపోర్టులన్నీ దాంట్లోనే ఉన్నాయి" అన్నాను. "ఫైలు లేకుండా ఎలా వెళ్తాం?"

"ఆ రిపోర్టులు రాసింది వాళ్లేరా" అంది అక్క.

అది నిజం. కానీ ఆ నిమిషంలో నాకు రాహుకాలం కూడా గుర్తొచ్చింది. మంగళవారం రాహుకాలం మూడు నుంచి నాలుగున్నర. అమ్మ ఒప్పుకోదు. నాలుగున్నర దాకా ఆగితే గంట దాటిపోతుంది. అరచేతిలో స్క్రూడ్రైవరుతో హాల్లోకి పరుగెత్తాను. అమ్మ కుర్చీలోంచి లేచి నిదానంగా ఫ్యాను ఆపుతోంది.

"అమ్మా, రాహుకాలం" అన్నాను.

"అయితే?"

"సంచి లేదు. తాళం రావట్లేదు."

"సంచి ఎక్కడుంది?"

"లోపలే. వాళ్లింట్లో."

"ఉండాల్సిన చోటే ఉందిగా" అంది అమ్మ. "శుక్రవారం పొద్దున ఎనిమిదింటికి గడప దాటింది. ఇవాళ ఐదో రోజు. మనం శుక్రవారమే బయల్దేరాం. బయల్దేరి ఐదో రోజు వచ్చినా నువ్వింకా ఇక్కడేం చేస్తున్నావు?"

స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టాను. మూడు నెలలుగా ఆ సంచిలో వస్తువులు ముఖ్యమని నేను అనుకున్నాను. అమ్మకి సంచి ముఖ్యం, లోపల ఇటుకలున్నా ఆమెకి పని జరుగుతుంది. మా ఇద్దరిలో ఆ మధ్యాహ్నం పనిచేసిన ఏర్పాటు ఆమెది.

ఇంత చెప్పి అమ్మ వంటింట్లోకి వెళ్లి తలుపు వేసుకుంది.

అక్క లిఫ్టు దగ్గర నుంచి వెనక్కి వచ్చింది. పాప ఆమె భుజం మీద ఆయాసపడుతోంది, ఏడుపుకి ముందు వచ్చే ఆయాసం. ఏడిస్తే పెదాలు నీలంగా మారతాయి. అక్క వంటింటి తలుపు ముందు నిలబడి, గొంతు పెంచకుండా మాట్లాడింది.

"అమ్మా, కార్లో నీ ఒళ్లో అయితేనే ఇది ఏడవకుండా ఉంటుంది. రా."

"ఇప్పుడు నేను ఎదురు రాకూడదే. మీరు కదలండి."

"మనం శుక్రవారమే బయల్దేరామా లేదా?"

అక్క తలుపుకి ఇంకాస్త దగ్గరగా జరిగింది.

"శుక్రవారమే బయల్దేరితే, ఇవాళ నువ్వు ఎదురొచ్చినా దారిలో కలిసినట్టే. బయల్దేరేటప్పుడు వచ్చినట్టు కాదు. అవునా, కాదా? లెక్క నీదే."

ఐదారు సెకన్లు గడిచాయి. నేను వాచీ చూడలేదు కాబట్టి ఇది అంచనా. గడియ తీసిన చప్పుడైంది. అమ్మ చెంగుతో చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చి, అక్క దగ్గర నుంచి పాపని తీసుకుంది. లెక్కలో తప్పు దొరికితే ఆమె ఊరుకునే మనిషి కాదు. దొరకలేదు.

లిఫ్టులో నేను తుమ్మాను. ఎవరూ ఏమీ అనలేదు. కింద వాచ్‌మన్ ఎక్కడికండీ అన్నాడు. "ఆసుపత్రికి" అంది అమ్మ.

బెంజి సర్కిల్ వైపు చూడకుండా లోపలి రోడ్ల మీదుగా రామవరప్పాడు రింగుకి వచ్చి, అక్కడి నుంచి గుణదల మీదుగా వెళ్లాం. ఫోను వచ్చిన ముప్పై మూడో నిమిషంలో పాప ఆసుపత్రి మంచం మీద ఉంది. అన్ని రిహార్సల్స్‌ కన్నా అదే తక్కువ. పార్కింగ్ కూడా దొరికింది.

అప్పటి నుంచి నాకు పని లేదు. రక్తం తీశారు, ఎక్స్‌రే తీశారు, అక్క చేత సంతకాలు పెట్టించారు. బావ వచ్చాడు. ఫైలు ఎవరూ అడగలేదు. అయినా నాకు కుదురు లేదు. అడుగుతారేమో, అప్పుడు లేదనాల్సి వస్తుందేమోనని కారిడార్లో తిరిగాను. పిన్నిగారు బందరు నుంచి తిరిగొచ్చామని ఆరింటికి ఫోన్ చేయగానే, సంచి తెస్తానని చెప్పి బావ బండి తీసుకుని బయల్దేరాను. వెళ్లొద్దని ఎవరూ అనలేదు. అంటే ఆ సంచి అక్కర్లేదని అందరికీ తెలుసు, నాకే ఏదో ఒక పని ఉండాలని కూడా తెలుసు.

తిరిగి వస్తుంటే ఏడు గంటల ఎనిమిది నిమిషాలకి రామవరప్పాడు రింగు దగ్గర బండ్లన్నీ ఆపేశారు. అన్ని వైపులా పోలీసులు తాడు పట్టుకుని నిలబడ్డారు. నా ముందు ఒక ఆటో, పక్కన కూరగాయల బుట్టలున్న మోపెడ్ మీద ఒకాయన, వెనక కనుచూపు మేర హారన్లు.

ఎవరో మంత్రిగారు వస్తున్నారని ఆటో డ్రైవరు అన్నాడు. మోపెడ్ ఆయన కాదన్నాడు. "గుండె వస్తోందంటండీ. గన్నవరంలో విమానం దిగిందంట."

"ఎవరి గుండె?" అన్నాడు ఆటో డ్రైవరు.

"మాదండీ" అన్నాను. నోట్లోంచి అలాగే వచ్చింది.

మోపెడ్ ఆయన నన్నూ, నా ముందున్న ఎర్ర సంచినీ చూశాడు. "మీది మీ దగ్గర లేదా?" అన్నాడు.

మా అక్క కూతురికని, ఐదేళ్లని చెప్పాను. ఆయన ఇంకేమీ అడగకుండా మోపెడ్ వెనక్కి లాగి, ఆటోని పక్కకి జరపమని కేకేసి, నా బండిని తాడు దాకా తోయించాడు. కానిస్టేబుల్‌కి విషయం కూడా ఆయనే చెప్పాడు. ఆ గుండె వీళ్ల పాపకేనంట, ఈయన్ని పోనివ్వండి అన్నాడు.

కానిస్టేబుల్ తాడు వదల్లేదు. "మీ పాపకేనా?"

"అవునండీ."

"అయితే మీకోసమే కదండీ ఆపింది. ఆగండి" అన్నాడు.

వెనక ఎవరో మావల్ల పెళ్లికి ఆలస్యమవుతోందన్నారు. ఇంకెవరో ఆయన్ని కసిరారు. అంబులెన్సు చప్పుడు ఏలూరు వైపు నుంచి వచ్చింది, ముందు ఒక పోలీసు జీపు. తాడు ఈ చివర నుంచి ఆ చివర దాటడానికి దానికి నాలుగు సెకన్లు పట్టింది. కిటికీలకి తెల్లరంగు ఉంది, లోపల ఏమీ కనబడలేదు. మోపెడ్ ఆయన ఆగి ఉన్న బండి మీదే చెప్పులు విడిచాడు. ఎందుకు విడిచారని నేను అడగలేదు. నాకు ఆ నాలుగు సెకన్లలో విశాఖలోని ఒక ఇంటి హాలు కనబడింది. అక్కడ ఎవరెవరు ఉన్నారో, ఏమేమి ఉన్నాయో నాకు తెలియదు. జాబితా రాయలేను.

అంబులెన్సు తర్వాత పదకొండు నిమిషాలకి ఆసుపత్రి చేరాను. ఆపరేషన్ థియేటరు ఉన్న అంతస్తులో నర్సు నన్ను ఆపి, సంచి లోపలికి తేకూడదండీ అంది. దాన్ని తీసుకెళ్లి కార్లో పెట్టాను.

అర్ధరాత్రి దాటి పన్నెండున్నరకి డాక్టరుగారు బయటికొచ్చి, "కొట్టుకుంటోందండీ" అన్నారు. అక్క, పాప ఏడ్చిందా అని అడిగింది.

గురువారం పిన్నిగారు ఒక డబ్బా నిండా బందరు లడ్డూలు తెచ్చారు. నర్సులకీ, ఐసీయూ బయట కూర్చున్న వాళ్లకీ పంచుదామని మూత తీశారు.

"వద్దు వదినగారూ" అంది అమ్మ. "ఆ ఇంట్లో ఇవాళ మూడో రోజు."

పిన్నిగారు మూత పెట్టేశారు. ఇద్దరూ సాయంత్రం దాకా ఆ డబ్బాని మధ్యలో పెట్టుకుని బెంచీ మీద కూర్చున్నారు.

తొమ్మిదో రోజుకి పాప ఐసీయూ నుంచి గదిలోకి వచ్చింది. అందరికీ మాస్కులు. కొత్త గుండెకి రక్తనాళాలు కుట్టారు గానీ నరాలు కుట్టలేదనీ, అవి కలవడానికి చాలాకాలం పడుతుందనీ, కొన్ని ఎప్పటికీ కలవకపోవచ్చనీ డాక్టరుగారు మాకు చెప్పారు. అందుకని కోపం వచ్చినా, భయం వేసినా ఆ గుండెకి వెంటనే కబురు అందదు. దాని పాటికి అది కాస్త వేగంగా కొట్టుకుంటూ ఉంటుంది, ఆలస్యంగా తెలుసుకుంటుంది.

ఆ మధ్యాహ్నం అన్నంలో ఆవకాయ కావాలంది పాప. ఉప్పు ఇంకా తగ్గించే పెట్టాలి, పచ్చడి అసలు కుదరదు. ఆవకాయ లేదంది మా అమ్మ. రెండేళ్లలో మొదటిసారి ఆ పిల్ల మొత్తం గొంతుతో అరిచింది. గిన్నె తోసేసింది. మొహం ఎర్రబడింది, నీలం కాలేదు. నర్సు తలుపు తీసి చూసి, నవ్వి వెళ్లిపోయింది. అక్క మాత్రం మానిటరు వంక చూస్తూ ఉండిపోయింది. పిల్ల అంత అరుస్తున్నా అందులో అంకె కదలడం లేదు.

"మిషను ఆగిపోయిందేమో చూడరా" అంది. "నీ ఉద్యోగమే కదా."

చేతులు కడుక్కుని, గ్లవ్స్ వేసుకుని, పాప మణికట్టు పట్టుకున్నాను. ఆమె నా చెయ్యి విదిలించుకోబోయింది, అమ్మ పట్టుకుంది. వాచీ చూస్తూ పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టాను. నిమిషమంతా ఆమె అరుస్తూనే ఉంది. మిషను సరిగానే పనిచేస్తోంది. నూట పద్దెనిమిది.